సుంకం పరిశ్రమకు, సర్దుబాటు కార్మికుడికి

చౌక దిగుమతుల వల్ల దేశీయ పరిశ్రమకు నష్టం వాటిల్లిందా లేదా అన్నది తేల్చేటప్పుడు ఏయే అంశాలను పరిశీలించాలో 1995 నాటి యాంటీ డంపింగ్ నిబంధనలు వివరంగా చెబుతాయి. అమ్మకాలు, లాభాలు, ఉత్పత్తి, మార్కెట్ వాటా, నగదు ప్రవాహం, నిల్వలు మొదలైన వాటి సరసన ఉపాధి, వేతనాలు అన్న రెండు మాటలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అంటే, కర్మాగారంలో కొలువు పోగొట్టుకున్న కార్మికుడు ఆ దర్యాప్తులో ఒక సాక్ష్యం. నష్టం రుజువైతే దిగుమతులపై సాధారణంగా ఐదేళ్లపాటు అదనపు సుంకం పడుతుంది. దేశీయ ఉత్పత్తిదారుకు ధరల పోటీలో ఊపిరి సలుపుతుంది. వసూలైన సొమ్ము ఖజానాకు చేరుతుంది. ఎవరి ఉద్యోగం పోవడం రుజువుగా అక్కరకు వచ్చిందో ఆ కార్మికుడి గురించి మాత్రం ఆ ఉత్తర్వులో ఒక్క వాక్యమూ ఉండదు.

ఈ లోటు ఇప్పుడు ఎక్కువగా కనిపించడానికి కారణం ఉంది. ప్రాంతీయ సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందంలో చేరబోమని 2019 నవంబరులో ప్రకటించిన భారతదేశం, ఆ తరువాత వరుసగా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాలు కుదుర్చుకుంది. యూఏఈతో, ఆస్ట్రేలియాతో ఒప్పందాలు 2022లో అమలులోకి వచ్చాయి. బ్రిటన్‌తో 2025 జులై 24న సంతకాలు జరిగాయి. ఐరోపా సమాఖ్యతో చర్చలు ముగిసినట్లు 2026 జనవరిలో ప్రకటన వెలువడింది. ప్రతి ఒప్పందం వేళా ఏ రంగానికి ఎంత లాభం, ఏ రంగానికి ఎంత ముప్పు అన్న లెక్కలు వేస్తున్నారు. ముప్పు నిజమైతే ఉపాధి కోల్పోయేవారిని ఏ పద్దు కింద ఆదుకుంటారన్న ప్రశ్న మాత్రం ఆ లెక్కల్లోకి రావడం అరుదు.

ఈ ప్రశ్నకు చట్టరూపంలో సమాధానం చెప్పే ప్రయత్నం అమెరికా 1962లో చేసింది. సుంకాలు తగ్గించే అధికారాన్ని కాంగ్రెస్ నుంచి కోరిన అధ్యక్షుడు కెన్నెడీ, దానికి బదులుగా నష్టపోయే కార్మికులకు ‘వాణిజ్య సర్దుబాటు సహాయం’ ఇస్తామని ఒప్పుకున్నారు. సర్దుబాటు అన్న మాట తెలుగులో ఎక్కువగా బలహీనుడికి చెప్పే హితవుగానే వినిపిస్తుంది; ఉన్నదాంతో సర్దుకుపొమ్మనడమే దాని వాడుక. ఆ చట్టం ఉద్దేశం వేరు. దేశం మొత్తానికి మేలు జరగడం కోసం కొందరు నష్టపోతే, వారిని నిలబెట్టే బాధ్యత మేలు పొందిన దేశానిదేనన్నది దాని తర్కం.

ఉద్దేశం గొప్పదే కాని ఆచరణ ఆలస్యమైంది. నష్టానికి సుంకాల తగ్గింపే ప్రధాన కారణమని నిరూపించాలన్న నిబంధన ఎంత కఠినమైనదంటే, 1969 నవంబరు వరకు ఒక్క కార్మిక బృందం అర్జీ కూడా ఆమోదం పొందలేదు. 1974 చట్టం ఆ నిబంధనను సడలించింది. దిగుమతులు నష్టానికి ముఖ్యంగా దోహదం చేశాయని తేలితే చాలునంది. దాంతో 1980 నాటికి వ్యయం ఒక్కసారిగా సుమారు 160 కోట్ల డాలర్లకు చేరింది. అందులో అధిక భాగం మోటారు వాహన కర్మాగారాల కార్మికులకు వెళ్లింది. మరుసటి ఏడాది రీగన్ ప్రభుత్వం కోత పెట్టింది.

ఈ పథకంలో మన విధానకర్తలు గమనించదగ్గ అంశం దరఖాస్తు పద్ధతి. ఒకే సంస్థలో పనిచేసిన ముగ్గురు కార్మికులు కలిసి కార్మిక శాఖకు అర్జీ పెట్టుకోవచ్చు. యజమాని సంతకం అక్కర్లేదు. సంఘం ఉండాలన్న షరతూ లేదు. ఉద్యోగం పోవడానికి దిగుమతులు కారణమని దర్యాప్తు అధికారి ధ్రువీకరిస్తే ఆ విభాగంలోని కార్మికులందరికీ అర్హత వస్తుంది. సాధారణ నిరుద్యోగ భృతి ముగిసిన తరువాత కూడా, శిక్షణలో చేరినవారికి ఆదాయ భృతి కొనసాగుతుంది. యాభై ఏళ్లు పైబడి తక్కువ జీతానికి కొత్త ఉద్యోగంలో చేరినవారికి, పాత జీతానికీ కొత్త జీతానికీ ఉన్న తేడాలో సగం రెండేళ్లపాటు, 10 వేల డాలర్లకు మించకుండా ప్రభుత్వం చెల్లిస్తుంది. దీనినే వేతన బీమా అన్నారు.

ఫలితాల విషయంలో అర్థశాస్త్రవేత్తలకు ఏకాభిప్రాయం లేదు. 2012లో వెలువడిన ఒక అధికారిక మూల్యాంకనం, పథకంలో చేరినవారు నాలుగో ఏడాది నాటికి కూడా ఆదాయంలో ఇతరుల కంటే వెనుకబడే ఉన్నారని తేల్చింది. బెంజమిన్ హైమన్ 2018లో చేసిన పరిశోధన ఇందుకు భిన్నమైన చిత్రం చూపింది. అర్జీ ఏ అధికారి బల్లపైకి వెళుతుందన్నది దాదాపు లాటరీ వంటిది; కొందరు అధికారులు ఉదారులు, కొందరు కఠినులు. ఆ తేడాను ఆధారం చేసుకొని లెక్కగట్టినప్పుడు, సహాయం పొందినవారు పదేళ్లలో మొత్తం మీద సుమారు 50 వేల డాలర్లు అదనంగా సంపాదించినట్లు తేలింది. అయితే ఆ ప్రయోజనం కాలక్రమేణా తరిగిపోయింది. వేతన బీమాపై తరువాత వచ్చిన అధ్యయనం మరింత అనుకూలంగా ఉంది.

పథకం అసలు బలహీనత దాని పరిమాణం. చైనా దిగుమతుల తాకిడిపై డేవిడ్ ఆటర్, డేవిడ్ డోర్న్, గోర్డన్ హాన్సన్ 2013లో ప్రచురించిన ప్రసిద్ధ పత్రం ప్రకారం, దెబ్బతిన్న ప్రాంతాల్లో ఈ సహాయం పెరిగిన దానికి ఎన్నో రెట్లు వైకల్య భృతి చెల్లింపులు పెరిగాయి. అంటే కార్మికులు తిరిగి పనిలోకి వెళ్లే దారి కంటే పని నుంచి శాశ్వతంగా తప్పుకునే దారినే ఎక్కువగా పట్టారు. చివరకు 2022 జులై 1న గడువు తీరడంతో కొత్త అర్జీల ధ్రువీకరణ ఆగిపోయింది. 2025లో అమెరికా పెద్దయెత్తున సుంకాలు పెంచింది కాని, ఆ ఏడాది ముగిసేనాటికి కూడా ఈ పథకాన్ని పునరుద్ధరించలేదు.

భారతదేశంలో ఇటువంటి ఆలోచన అసలు లేదనలేం. మూతపడిన ప్రైవేటు జౌళి మిల్లుల కార్మికుల కోసం 1986లో ఒక పునరావాస నిధి ఏర్పడింది. మొదటి ఏడాది వేతనంలో 75 శాతం, రెండో ఏడాది 50 శాతం, మూడో ఏడాది 25 శాతం చెల్లించే ఏర్పాటు అది. ఆర్థిక సంస్కరణల వెంట 1992లో జాతీయ పునరుద్ధరణ నిధి వచ్చింది. పునఃశిక్షణ, పునరుపాధి దాని ప్రకటిత లక్ష్యాలు. ఆచరణలో నిధుల్లో అత్యధిక భాగం కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల్లో స్వచ్ఛంద పదవీ విరమణ చెల్లింపులకే పోయింది. 2000లో దానిని రద్దు చేశారు. జౌళి కార్మికుల నిధి 2017లో ఈఎస్ఐ పరిధిలోని రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజనలో కలిసిపోయింది.

ఇప్పుడు మిగిలినవి ప్రధానంగా ఈఎస్ఐ పథకాలే. కర్మాగారం మూతపడినా, ఉద్వాసనకు గురైనా రాజీవ్ గాంధీ పథకం కింద మొదటి 12 నెలలు సగటు వేతనంలో సగం, తరువాతి 12 నెలలు పావు వంతు లభిస్తుంది. 2018లో మొదలైన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన జీవితకాలంలో ఒకసారి, 90 రోజుల వరకు భృతి ఇస్తుంది. కాగితంపై ఇవి చిన్న మేలు కావు. కాని ఈఎస్ఐలో చేరడానికి నెల వేతన పరిమితి 2017 జనవరి నుంచి 21 వేల రూపాయలుగానే ఉండిపోయింది. అంతకు మించి జీతం పొందే నిపుణ కార్మికుడు సాధారణంగా బయటే. నమోదైన కర్మాగారాల కార్మికుల్లో పదిమందికి దాదాపు నలుగురు కాంట్రాక్టు కార్మికులు. దిగుమతుల దెబ్బకు ఉత్పత్తి తగ్గినప్పుడు మొదట ఇంటిదారి పట్టేది వారే. కాంట్రాక్టు గడువు తీరి పునరుద్ధరణ జరగకపోతే అది చట్టం దృష్టిలో ఉద్వాసన కాదు గనుక, ఆ భృతి తలుపు వారికి తెరుచుకోవడం కష్టం.

2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతి ఒక పునఃశిక్షణ నిధిని ప్రవేశపెట్టింది. ఉద్వాసనకు గురైన ప్రతి కార్మికుడికీ 15 రోజుల వేతనానికి సమానమైన మొత్తాన్ని యజమాని జమ చేయాలి. అది 45 రోజుల్లో కార్మికుడి ఖాతాకు చేరాలి. పేరు శిక్షణ నిధి, చేతికి అందేది సగం నెల జీతం. ఏ శిక్షణ, ఎక్కడ, దాని చివర ఏ ఉద్యోగం అన్నవాటికి ఆ మొత్తంతో సంబంధం లేదు. ఇదే స్మృతి, ప్రభుత్వ అనుమతి లేకుండా కర్మాగారం మూసివేసే పరిమితిని 100 మంది కార్మికుల నుంచి 300కు పెంచింది.

దిగుమతుల వల్లే ఉద్యోగం పోయిందని ఎలా తేలుస్తారన్నది ఇటువంటి పథకాలకు ఎప్పుడూ ఎదురయ్యే అభ్యంతరం. మన దేశంలో ఈ చిక్కుకు సగం జవాబు ఇప్పటికే ఉంది. వాణిజ్య మంత్రిత్వ శాఖ పరిధిలోని వాణిజ్య పరిహారాల డైరెక్టరేట్ జనరల్ ఏడాది పొడవునా చేస్తున్నది ఈ పనే. ఫలానా వస్తువు దిగుమతుల వల్ల ఫలానా పరిశ్రమకు నష్టం జరిగిందని గణాంకాలతో నిర్ధారించే యంత్రాంగం అది. ఆ నిర్ధారణను సుంకం సిఫార్సు కోసమే వాడుతున్నారు, ఈఎస్ఐ కార్యాలయానికి పంపడం లేదు.

ఈ రెంటినీ కలపవలసిన అవసరం ఎక్కడ అత్యధికమో చూడాలి. డైరెక్టరేట్ సిఫార్సు చేసిన ప్రతి సుంకాన్నీ ఆర్థిక మంత్రిత్వ శాఖ విధించదు. ఆ వస్తువును ముడిసరుకుగా వాడే ఇతర పరిశ్రమలపై భారం పడుతుందని కొన్ని సిఫార్సులను పక్కన పెట్టిన సందర్భాలున్నాయి. అది తప్పు నిర్ణయం కానక్కర్లేదు. 2011-12 బడ్జెట్‌లో ముడి పట్టుపై దిగుమతి సుంకాన్ని 30 శాతం నుంచి 5 శాతానికి తగ్గించినప్పుడు ధర్మవరం మగ్గాలకు నూలు చవకయ్యే వీలు కలిగింది. హిందూపురం మార్కెట్‌కు గూళ్లు తెచ్చే రైతుకు, ఆ గూళ్ల నుంచి దారం తీసే రీలరుకు ధర పడిపోయే భయం పట్టుకుంది. ఒకరికి అన్నం పెట్టే దిగుమతే మరొకరి పొయ్యి ఆర్పుతుంది. విశాల ప్రయోజనం కోసం సుంకం వద్దని ప్రభుత్వం తెలిసి నిర్ణయించినప్పుడు, ఆ ప్రయోజనం ఖర్చును మోసేది నష్టపోయిన పరిశ్రమలోని కార్మికుడు. పరిహారం కోరడానికి అతనికి ఉన్నంత న్యాయమైన హక్కు, సుంకంతో రక్షణ పొందిన యజమానికి కూడా లేదు.

సౌర పరికరాల రంగం మరో లోపాన్ని బయటపెట్టింది. చైనా సరుకు వల్ల ఈ రంగంలో దాదాపు రెండు లక్షల ఉద్యోగాలు పోయాయని వాణిజ్య వ్యవహారాల పార్లమెంటరీ స్థాయీ సంఘం 2018 జులైలో నివేదించింది. అదే నెలాఖరున 25 శాతం రక్షణ సుంకం పడింది. 2022 ఏప్రిల్ నుంచి సౌర మాడ్యూళ్లపై 40 శాతం కస్టమ్స్ సుంకం వచ్చింది. సుంకం రేటు ఎన్నిసార్లు మారిందో గెజిట్‌లో తేదీలతో సహా దొరుకుతుంది. ఆ రెండు లక్షల మంది ఎవరో, ఎక్కడివారో, తరువాత ఏ పనిలో కుదురుకున్నారో చెప్పే జాబితా మాత్రం లేదు.

చేయదగ్గ మార్పు పెద్ద కొత్త పథకం కానవసరం లేదు. డైరెక్టరేట్ ప్రాథమిక నిర్ధారణలోనే నష్టం తేలితే, ఆ పరిశ్రమలో గత ఏడాది కాలంలో పని పోయినవారందరికీ, కాంట్రాక్టు కార్మికులతో సహా, వేతన పరిమితితో నిమిత్తం లేకుండా ఈఎస్ఐ భృతి వర్తింపజేయవచ్చు. తుది నివేదికకు ఏడాది, ఒక్కోసారి 18 నెలలు పడుతుంది కనుక అంతవరకు ఆగమనడం సహాయం నిరాకరించడంతో సమానం. యాభై దాటినవారికి మరో వృత్తిలో శిక్షణ కంటే వేతన బీమాయే ఉపయోగకరమని అమెరికా అనుభవం సూచిస్తోంది. వీటన్నిటికీ ముందు మారవలసినది దరఖాస్తు నిబంధన. దేశీయ ఉత్పత్తిలో కనీసం 25 శాతం వాటా గల ఉత్పత్తిదారులు మద్దతు తెలిపితేనే నేడు దర్యాప్తు మొదలవుతుంది. కార్మికులు గాని, వారి సంఘాలు గాని దరఖాస్తు చేయడానికి ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం అడ్డు చెప్పదు. కొన్ని దేశాల్లో ఆ పద్ధతి ఉన్నదని ఒప్పందంలోని అధోజ్ఞాపికే గుర్తించింది. మన నిబంధనల్లో ఆ అవకాశానికి చోటు కల్పించలేదు.