స్టాక్‌హోమ్ వెళ్తున్నారా? నోట్లు కాదు, కార్డు ముఖ్యం!

డిసెంబరులో అమ్మానాన్నల్ని తీసుకుని స్టాక్‌హోమ్ వెళ్తున్నామనీ, ఎంత నగదు మార్చుకోవాలనీ ఓ పాఠకురాలు అడిగారు. నేనైతే నోట్లను నమ్ముకోవద్దంటాను. అక్కడ నడిచేది యూరో కాదు, స్వీడిష్ క్రోనా. అదైనా చాలా కేఫుల్లో, మ్యూజియాల్లో నోటిస్తే తీసుకోరు. సిటీ బస్సులోనూ అంతే. అందుకే రెండు కార్డులు ఉంచుకోండి, ఒకటి అమ్మ దగ్గర. బయల్దేరే ముందే బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకం ఆన్ చేసుకోండి.

ఆర్లాండా విమానాశ్రయం ఊరికి 40 కిలోమీటర్ల దూరం. ఎక్స్‌ప్రెస్ రైలు 20 నిమిషాల్లో చేరుస్తుంది, కానీ ఖరీదెక్కువ. తొందర లేకపోతే బస్సే నయం.

ఇంకో సంగతి. డిసెంబరులో మధ్యాహ్నం మూడు కాకముందే పొద్దు గుంకుతుంది. పెద్దవాళ్లతో కాబట్టి గామ్లాస్తాన్ పాతబస్తీ రాళ్ల వీధులు పగలే చూసేయండి. ఆ తర్వాత వాసా మ్యూజియం. 1628లో తొలి ప్రయాణంలోనే మునిగి, 1961లో పైకి తీసిన యుద్ధనౌక అక్కడుంది.

నీళ్ల సీసాలు కొనక్కర్లేదు, కుళాయి నీళ్లు నిక్షేపంగా తాగొచ్చు. మిగిలిన డబ్బుతో అమ్మానాన్నలకి జారని బూట్లు కొనండి. మంచులో అన్నిటికన్నా అవసరం అవే!