నెత్తురు కాలువలు

పిల్లలూ! మన ఉండి ప్రాంతపు పిల్లలకు కాలువ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. ధవళేశ్వరం దగ్గర గోదావరికి కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తి అయింది. ఇవతలి గట్టున విజ్జేశ్వరం వద్ద బయలుదేరిన పెద్ద కాలువ, పోనుపోను ఎన్నో శాఖలుగా చీలుతుంది. మన ఉండి కాలువ అందులో ఒకటి. శాఖల నుంచి పిల్ల కాలువలు, వాటి నుంచి బోదెలు, బోదెల నుంచి చేలు. చేను తాగగా మిగిలిన నీరు మురుగు కాలువల్లో పడి సముద్రానికి పోతుంది. అలా పోయిన నీరు వెనుదిరిగి మన కాలువలోకి రాదు.

మన ఒంట్లో కూడా ఇటువంటి కాలువలే వున్నాయి. గుండె నుంచి బయలుదేరే పెద్ద కాలువ పేరు బృహద్ధమని. అది ధమనులుగా, ఆ ధమనులు ఇంకా సన్నని గొట్టాలుగా చీలి, తల మొదలు కాలి బొటనవేలి దాకా నెత్తురును చేరవేస్తాయి. మరి ఆ నెత్తురు చేలో నీరులాగా ఒంట్లోనే ఇంకిపోతుందా? లేక తిరిగి వస్తుందా?

ఇంకిపోతుందనే పూర్వులు అనుకున్నారు. దాదాపు 1,800 ఏళ్ల కిందట రోమునగరంలో గేలెన్ అనే గొప్ప వైద్యుడు వుండేవాడు. మనం తిన్న అన్నంతో కాలేయం ఎప్పటికప్పుడు కొత్త నెత్తురు తయారుచేస్తుందనీ, శరీరం దాన్ని వాడుకొని ఖర్చుచేస్తుందనీ ఆయన చెప్పాడు. ఐరోపా వైద్యులు 1,400 ఏళ్లపాటు దాన్నే నమ్మారు. ఆ నమ్మకాన్ని పడగొట్టినది కత్తీ కాదు, మందూ కాదు. ఒక చిన్న గుణకారం!

విలియం హార్వే అనే ఇంగ్లీషు వైద్యుడు 1628లో అచ్చువేసిన పుస్తకంలో ఆ లెక్క వున్నది. ఇప్పుడు మనకు తెలిసిన అంకెలతో మనమూ వేద్దాం. పలక తీయండి.

గుండె ఒకసారి కొట్టుకుంటే సుమారు 70 మిల్లీలీటర్ల నెత్తురు బయటికి నెడుతుంది. నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటుంది. అంటే నిమిషానికి 5 లీటర్లు, గంటకు 300 లీటర్లు! పదిహేను లీటర్లు పట్టే బిందెతో ఇరవై బిందెలు. గంటకు ఇరవై బిందెల నెత్తురు తయారుకావాలంటే ఎంత అన్నం తినాలి? పైగా పెద్దవాళ్ల ఒంట్లో వున్న నెత్తురంతా కలిపితే 5 లీటర్లకు అటూ ఇటూగా వుంటుంది. అందుచేత, పోయిన నెత్తురే తిరిగి గుండెకు వస్తూ వుండాలి. ఇంకొక మార్గం లేదు. ఇదీ హార్వే తేల్చిన సంగతి.

మరి అది ఎదురు నడవకుండా ఆపేది ఏది? దీనికి హార్వే చూపించిన పరీక్ష మీ ఇంట్లోనే చేయవచ్చు. మీ తాతగారిని చేయి కిందికి వేలాడవేయమనండి. ముంజేతి మీద నీలంగా ఉబ్బిన నరాల్లాంటివి కనిపిస్తాయి. అవి నరాలు కావు, సిరలు. నెత్తురును గుండెకు తిరిగి తెచ్చే కాలువలు. ఒక సిరను వేలితో అదిమి పట్టండి. రెండో వేలితో అక్కడి నుంచి మోచేతివైపు నిమిరి వదలండి. నిమిరినంత మేరా సిర చదునుగా వుండిపోతుంది. పైనుంచి నెత్తురు కిందికి దిగదు. అదిమిన వేలు తీయగానే కిందినుంచి నిండుతుంది. లాకుల తలుపుల మాదిరిగా సిరల్లో కవాటాలు వున్నాయి. గుండెవైపు పోయే నెత్తురుకు దారి ఇస్తాయి. వెనక్కి వస్తే మూసుకుంటాయి.

ధమనుల నుంచి సిరల్లోకి నెత్తురు ఏ దారిన పోతుందో మాత్రం హార్వేకు కనిపించలేదు. ఆయన పోయిన నాలుగేళ్లకు, 1661లో, ఇటలీ దేశస్థుడు మాల్పీగీ సూక్ష్మదర్శినితో కప్ప ఊపిరితిత్తిని చూసి ఆ దారి కనిపెట్టాడు. అవే కేశనాళికలు. పేరుకు కేశమే గాని వెంట్రుక కంటె ఎంతో సన్నం. ఎర్రకణాలు ఒకదాని వెనుక ఒకటిగా వాటిలో నడుస్తాయి. ప్రాణవాయువూ ఆహారమూ ఒంటికి అందేదీ, బొగ్గుపులుసు గాలి నెత్తురులో చేరేదీ అక్కడే.

గుండె చూడబోతే ఒకటే గాని, నిజానికి పక్కపక్కనే వున్న రెండు పంపులు. ఒళ్లంతా తిరిగి వచ్చిన నెత్తురును కుడి పంపు ఊపిరితిత్తులకు పంపుతుంది. అక్కడ బొగ్గుపులుసు గాలిని వదిలి, ప్రాణవాయువు నింపుకొని వచ్చిన నెత్తురును ఎడమ పంపు ఒళ్లంతటికీ పంపుతుంది. ఛాతీకి చెవి ఆనిస్తే వినిపించే “లబ్ డబ్” చప్పుడు, ఈ పంపుల కవాటాలు మూసుకొనే చప్పుడే.

వేసవిలో మన కాలువలు కట్టేసి మరమ్మతులు చేస్తారు. గుండెకు అటువంటి సెలవు లేదు. రోజుకు లక్షకు పైగా కొట్టుకోవాలి. అలిసిపోదా? ఒక్కొక్క దెబ్బకు పట్టే కాలంలో మూడోవంతు మాత్రమే అది ముడుచుకుంటుంది. మిగిలిన కాలం వదులై నెత్తురు నింపుకుంటుంది. దాని విశ్రాంతి అదే.

ముడుచుకునేందుకు శక్తి ఎక్కడిది? ఈ రహస్యం విప్పినవారిలో మన పక్కనే భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఫిస్కే అనే ఆయనతో కలిసి పనిచేస్తూ, కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం వున్నదని 1927లో వెల్లడించారు. 1929లో ఏ.టి.పి. అనే మరొకదాన్ని వేరుచేశారు. అదే కాలంలో జర్మనీలో లోమన్ కూడా దాన్ని కనిపెట్టాడు. కండరం ముడుచుకున్నప్పుడల్లా ఖర్చయ్యే నాణెం ఏ.టి.పి. అది తగ్గితే వెంటనే సర్దే చేబదులు ఫాస్ఫోక్రియాటిన్. కాని గుండెలో ఈ నిలవ కొద్ది క్షణాలకే సరిపోతుంది. గుండె గాదె నింపుకొన్న రైతు కాదు. రెక్కాడితేగాని డొక్కాడని కూలివాడు. దానికి ప్రాణవాయువు నిమిషం నిమిషం అందుతూనే వుండాలి.

ఇక్కడే ఒక చిత్రం వున్నది. గుండె గదుల నిండా నెత్తురే. అయినా ఆ నెత్తురు గుండె గోడలకు అక్కరకు రాదు. కాలువ గట్టునే వున్న చేనుకైనా తూము వుంటేనే గదా నీరు! అలాగే గుండెకు బృహద్ధమని మొదట్లోనే రెండు ప్రత్యేకమైన ధమనులు వున్నాయి. వాటి గోడల్లో ఏళ్ల తరబడి కొవ్వు పూడిక పేరుకుంటుంది. పొగాకు, రక్తపోటు, చక్కెరవ్యాధి, ఒళ్లు వంచకపోవడం ఆ పూడికను పెంచుతాయి. ఒకనాడు ఆ పూడిక పగిలి, దాని మీద నెత్తురు గడ్డకడితే తూము మూసుకుపోతుంది. దాని కింది కండరం ఎండిన చేనులా చావడం మొదలుపెడుతుంది. అదే గుండెపోటు.

కనుక పిల్లలూ, ఈ మాట ఇంట్లో పెద్దలకు చదివి వినిపించండి. ఛాతీ మధ్య బరువు పెట్టినట్లు నొప్పి, అది చేతికో దవడకో పాకడం, చెమటలు, ఆయాసం కనిపిస్తే, “గ్యాసులే, సోడా తాగితే పోతుంది” అని కూర్చోకూడదు. 108కి ఫోను చేసి వెంటనే ఆస్పత్రికి చేర్చాలి. తూము ఎంత త్వరగా తెరిస్తే అంత కండరం దక్కుతుంది.

ఇక మీకు ఒక పని. మణికట్టు దగ్గర, బొటనవేలి వైపున, రెండు వేళ్లు ఆనించి నాడి చూడండి. కూర్చొని ఒక నిమిషం లెక్కపెట్టండి. వీధి చివరిదాకా పరుగెత్తి వచ్చి మళ్లీ లెక్కపెట్టండి. ఎంత పెరిగింది? ఎందుకు పెరిగింది? జవాబు పైన చెప్పినదానిలోనే వున్నది. మీరే వెతికి పట్టుకోండి.