ట్రైనింగ్ సర్టిఫికెట్ బ్లాక్‌చెయిన్‌లో ఉంది సరే.. మరి కంపెనీ మూతపడితే?

కొత్త ఫోన్ చేతికి రాగానే నేను చూసేది ఒకటే. బాక్స్ మీద రాసిన ఫీచర్ రోజువారీ వాడకంలో నిజంగా పనికొస్తుందా, లేక ప్రచారానికేనా? ఉద్యోగుల ట్రైనింగ్ సర్టిఫికెట్లను బ్లాక్‌చెయిన్ మీద ఇస్తామంటున్న కంపెనీలను కూడా ఇదే ప్రశ్న అడగాలని నా అభిప్రాయం.

అసలు సమస్య ఏంటి?

జీడిమెట్లలో కాంట్రాక్ట్ మీద పనిచేసే ఒక ఎలక్ట్రీషియన్‌ని ఊహించుకోండి. ఫైర్ సేఫ్టీ, ఫస్ట్ ఎయిడ్, ఎత్తులో పని చేయడం.. మూడు ట్రైనింగ్‌లు పూర్తి చేశాడు. రికార్డులన్నీ కంపెనీ పోర్టల్‌లోనే ఉన్నాయి. పని మానేసిన రోజే లాగిన్ పోయింది. కొత్త చోట అడిగితే చూపించడానికి గ్యాలరీలో ఒక స్క్రీన్‌షాట్ తప్ప ఏమీ లేదు. దాన్ని ఎవరు నమ్ముతారు? ఐదు నిమిషాల్లో పేరు మార్చేసే ఎడిటింగ్ యాప్‌లు అందరి దగ్గరా ఉన్నాయి. కష్టపడి నేర్చుకున్నది ఇతను, రుజువు మాత్రం పాత కంపెనీ చేతిలో ఉండిపోయింది.

బ్లాక్‌చెయిన్ ఏం చేస్తుంది?

సర్టిఫికెట్ ఫైల్ నుంచి హ్యాష్ అనే చిన్న కోడ్ తయారవుతుంది. ఫైల్‌లో ఒక్క అక్షరం మారినా హ్యాష్ మొత్తం మారిపోతుంది. ఫర్మ్‌వేర్ డౌన్‌లోడ్ చేశాక చెక్‌సమ్ సరిచూసుకునే అలవాటు ఉన్నవాళ్లకి ఇది తెలిసిన సంగతే. ఆ హ్యాష్‌ని పబ్లిక్ బ్లాక్‌చెయిన్‌లో రాస్తారు. మీ పేరు, మార్కులు అందులోకి వెళ్లవు, వెళ్లకూడదు కూడా. ఎందుకంటే అక్కడ రాసింది చెరపలేం. మన దేశంలో 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టంలో మాత్రం డేటా తొలగించమని అడిగే హక్కు ఉంది.

ఇది కాగితం మీది ఐడియా కాదు. అమెరికాలోని ఎంఐటీ 2017లోనే 111 మంది గ్రాడ్యుయేట్లకి బ్లాక్‌సర్ట్స్ వాలెట్ యాప్ ద్వారా డిజిటల్ డిప్లొమాలు తీసుకునే అవకాశం ఇచ్చింది. ఇక్కడ నాకు నచ్చింది ఏంటంటే, ఫైల్ విద్యార్థి ఫోన్‌లోనే ఉంటుంది. ఎవరికి చూపించాలో వాళ్లే నిర్ణయించుకుంటారు.

ఏం చేయలేదు?

సర్టిఫికెట్ ఎవరు ఇచ్చారో, తర్వాత ఎవరైనా మార్చారో లేదో బ్లాక్‌చెయిన్ చెప్పగలదు. ట్రైనింగ్ నిజంగా జరిగిందా, ఆ మనిషికి పని వచ్చా అన్నది చెప్పలేదు. క్లాసే జరగకుండా సర్టిఫికెట్ ఇచ్చేస్తే, ఆ అబద్ధం కూడా చెరిగిపోకుండా భద్రంగా ఉంటుంది. నాణ్యత చూడాల్సింది మనుషులే.

ఇంకో మాట. సర్టిఫికెట్‌ని ఎవరూ మార్చకుండా ఉండటమే కావాలంటే మామూలు డిజిటల్ సంతకం చాలు. డిజిలాకర్ బ్లాక్‌చెయిన్ వాలెట్ ఏమీ లేకుండానే 2015 నుంచి కోట్ల మందికి పనికొస్తోంది. మరి బ్లాక్‌చెయిన్ అదనంగా ఇచ్చేది ఏంటి? రెండు. ఒకటి, పాత తేదీ వేసి కొత్త సర్టిఫికెట్ పుట్టించడం కుదరదు. రెండోది, ఇచ్చిన సంస్థ లేకపోయినా రుజువు మిగలాలి. ఈ రెండోదే అసలు పరీక్ష. చాలా చోట్ల తేడా వచ్చేది కూడా ఇక్కడే.

సర్వర్ ఆపేసి చూడండి

కొన్ని సర్టిఫికెట్ల మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది. స్కాన్ చేస్తే వెండర్ వెబ్‌సైట్ తెరుచుకుని ఆకుపచ్చ టిక్ కనిపిస్తుంది. అప్పుడు మీరు నమ్ముతున్నది ఆ వెబ్‌సైట్‌ని, బ్లాక్‌చెయిన్‌ని కాదు. సైట్ పోతే టిక్ కూడా పోతుంది. అలాంటి టిక్ చూపించే దొంగ సైట్ తయారుచేయడమూ కష్టమేం కాదు. బ్లాక్‌సర్ట్స్ తొలి వెర్షన్లలో కూడా ఇలాంటి చిక్కు ఉంది. సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ వివరాలను ఆ సంస్థ వెబ్‌సైట్ నుంచే తెచ్చుకోవాలి. ఇక కంపెనీ ఒక్కటే నడిపే ప్రైవేట్ చెయిన్ అయితే, అది కొత్త పేరు పెట్టుకున్న డేటాబేసే.

అందుకే మీ ఆఫీసులో ఇలాంటి సిస్టమ్ తెస్తే హెచ్‌ఆర్‌ని నాలుగు విషయాలు అడగండి:

- ఒరిజినల్ సర్టిఫికెట్ ఫైల్ నా ఫోన్‌లోకి డౌన్‌లోడ్ అవుతుందా?
- మీ పోర్టల్, వెండర్ సైట్ రెండూ ఆగిపోయినా వేరే టూల్‌తో వెరిఫై చేయొచ్చా?
- గడువు తీరిందా, రద్దయిందా అన్నది చెక్ చేసేవాళ్లకి ఎలా తెలుస్తుంది? సేఫ్టీ ట్రైనింగ్‌కి ఇది చాలా ముఖ్యం.
- ఫోన్ పోయినా, రీసెట్ చేసినా వాలెట్‌ని తిరిగి ఎలా తెచ్చుకోవాలి?

చివరిదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. రికవరీ పదాలు ఫోన్ నోట్స్‌లో దాచుకుంటే ఫోన్‌తో పాటే పోతాయి. కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకోండి.

నా మాట

ఈ టెక్నాలజీకి నేను వ్యతిరేకిని కాదు. పని మారినప్పుడల్లా అదే ట్రైనింగ్‌కి మళ్లీ కూర్చోవాల్సిన వర్కర్‌కి ఇది నిజంగా మేలు చేయగలదు. కానీ ఆ మేలు జరగాలంటే ఫైల్ ఉద్యోగి చేతికి రావాలి. ఆ ఫైల్ ఇవ్వని సిస్టమ్ ఏ చెయిన్ మీద నడిచినా, ఉద్యోగికి పాత పోర్టల్‌కీ దానికీ తేడా ఉండదు.