మార్కులు చేతికివ్వండి, క్లాసులో చదవకండి

జూనియర్ కాలేజీల యాజమాన్యాలకు, లెక్చరర్లకు, తల్లిదండ్రులకు విజ్ఞప్తి

ఆదివారం టెస్టు, సోమవారం మార్కులు. తక్కువ వచ్చినవాళ్లను లేపి నిలబెట్టి, పేరు పెట్టి మార్కు చదివి, "మీ నాన్న ఫీజు దండగ" అనడం మన ఇంటర్ కాలేజీల్లో చాలాచోట్ల మామూలే. ఎక్కువమంది పిల్లలు సాయంత్రానికి ఆ మాట దులిపేసుకుంటారు. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లలో చాలామందికి అది చేతకాదు.

ఏడీహెచ్‌డీ అనగానే కుదురు లేకపోవడం, ధ్యాస నిలవకపోవడమే గుర్తొస్తాయి. ఉద్వేగాన్ని అదుపు చేసుకోవడమూ వాళ్లకు కష్టమే. నలుగురిలో చిన్నబుచ్చితే ఆ బాధ ఒంటి నొప్పిలా ఒక్కసారిగా పొడుచుకొస్తుంది. ఎదురు తిరిగినవాణ్ని పొగరుబోతంటాం. మళ్లీ ఆ మాట పడలేక పరీక్షే ఎగ్గొట్టే పిల్లను బద్ధకస్తురాలంటాం. పైకి అల్లరి కనిపించని ఆడపిల్లల్లోనైతే అసలు సంగతి ఏళ్లతరబడి బయటపడదు.

అమెరికా సైకియాట్రిస్టు విలియం డాడ్సన్ ఈ బాధను 'రిజెక్షన్ సెన్సిటివ్ డిస్ఫోరియా' పేరుతో ప్రచారంలోకి తెచ్చారు. మానసిక వైద్యులు ప్రమాణంగా తీసుకునే జబ్బుల జాబితా డీఎస్ఎం-5లో ఇది విడి జబ్బుగా లేదు. దీన్ని జబ్బనాలా వద్దా అన్న వైద్యుల వాదన తేలేదాకా పిల్లల్ని నిలబెట్టి తిట్టాల్సిందేనా?

"గట్టిగా చెప్పకపోతే చదవరండీ" అంటారు లెక్చరర్లు. చెప్పండి, కానీ విడిగా పిలిచి, ఏ లెక్క ఎక్కడ తప్పిందో చెప్పండి. దిద్దిన పేపరు మడిచి చేతికివ్వండి. ర్యాంకుల షీటు నోటీసు బోర్డుకు, వాట్సాప్ గ్రూపుకు ఎక్కించకండి.

ఇది మేము కొత్తగా కోరుతున్నది కాదు. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక అమ్మాయి మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. మార్కులను బట్టి బ్యాచులు విడగొట్టడం, బహిరంగంగా అవమానించడం వీలైనంత వరకు మానాలంది. 100 మంది, ఆపైన విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలంది. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు మానసిక ఆరోగ్యంపై శిక్షణ తప్పనిసరి చేసింది. 'వీలైనంత వరకు' అన్న మాట చాటున దాక్కునే యాజమాన్యాలుంటాయి. కౌన్సెలర్ విషయంలో ఆ సాకు చెల్లదు.

అమ్మలారా, నాన్నలారా! పేరెంట్స్ మీటింగులో పక్కింటి పిల్లవాడి ర్యాంకు ఎత్తింది మనమే కాదా? ఈసారి ర్యాంకు కన్నా ముందు కౌన్సెలర్ పేరేమిటో, ఏ గదిలో కూర్చుంటారో అడగండి. జవాబు రాకపోతే రాతపూర్వకంగా అడిగి, కాపీని ఇంటర్ విద్యాధికారికి ఇవ్వండి. పిల్లలు బాగా కుంగిపోయినట్టు కనిపిస్తే మీటింగు దాకా ఆగకండి: ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు, ఉచితం.