బెయిలొచ్చింది, మనిషి రాలేదు!

పేదవాడి విడుదలకు పూచీకత్తు కాగితాలు అడ్డు కాకూడదు



ఏ జిల్లా కోర్టు ఆవరణలోనైనా ఒక పూట చెట్టు కింద కూర్చుని చూడండి. చేతిలో పాలిథిన్ కవరుతో ఒక తల్లి కనబడుతుంది. కవర్లో రేషన్ కార్డు, ఆధార్ జిరాక్సులు, కొడుకు ఫొటో. వాడికి బెయిలొచ్చి మూడు వారాలైందంటుంది. మరి ఇంటికి రాలేదేమమ్మా అంటే, "ష్యూరిటీలు దొరకలేదయ్యా" అంటుంది.

పది వేల రూపాయల సొంత పూచీకత్తు, అంతే మొత్తానికి ఇద్దరు జామీనుదారులు. ఉత్తర్వులో ఉండేది ఈ ఒక్క వాక్యమే. జామీను నిలబడేవాడికి మాత్రం ఇల్లో పొలమో ఉండాలి, పన్ను రసీదు ఉండాలి, ఆస్తి విలువకు ధ్రువపత్రం తేవాలి. ఆమె ఉండేది అద్దె గదిలో. చుట్టాలదీ అదే బతుకు. ఆస్తి ఉన్న ఆసామి ఆమె కొడుకు కోసం కోర్టు మెట్లెక్కడు. ఈ అవసరం కనిపెట్టి, "నేను చూస్తాలే, ఎంతిస్తావు?" అంటూ పక్కనే ఒకడు తచ్చాడుతుంటాడు.

ఆ కుర్రాడు తప్పు చేశాడో లేదో విచారణలో తేలాలి. ఈలోగా బయట ఉండొచ్చని జడ్జిగారు చెప్పేశారు. అయినా ఒక ఇంటి పన్ను రసీదు దొరక్క లోపలే ఉన్నాడు.

లోపల ఎవరున్నారు?

జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో ఉన్నవారు 5,73,220 మంది. వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నూటికి 76 మందికి కోర్టు ఇంకా శిక్ష వేయలేదు. వీరందరికీ బెయిలొచ్చిందని మేం అనడం లేదు. వచ్చినవారైనా ఇంటికి చేరాలి కదా అంటున్నాం.

ఇది కొత్త జబ్బు కాదు. 1978లో మోతీరామ్ అనే తాపీ మేస్త్రికి సుప్రీంకోర్టే బెయిలిచ్చింది. కింది మేజిస్ట్రేటు పది వేల జామీను అడిగాడు. సోదరుడు ముందుకొస్తే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని తిప్పి పంపాడు. మేస్త్రి మళ్లీ ఢిల్లీ గడప తొక్కాల్సి వచ్చింది. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పులో మనవాళ్లనూ తలచుకున్నారు: ఒక తెలుగువాడినో తమిళుడినో బస్తర్‌లోనో పోర్ట్‌బ్లెయిర్‌లోనో పట్టుకుంటే, ఆ ఊళ్లో ఆస్తులున్న జామీనుదారులను ఎక్కణ్నుంచి తెస్తాడని నిలదీశారు. వెయ్యి రూపాయల సొంత పూచీకత్తుపై మేస్త్రిని వదలమన్నారు. మరుసటి ఏడాదే హుస్సేనారా ఖాతూన్ కేసులో, పడాల్సిన శిక్ష కంటే ఎక్కువ కాలం బిహార్ జైళ్లలో మగ్గినవారి సంగతి బయటపడింది.

చట్టం ఏమంటోంది?

బెయిలివ్వదగ్గ నేరాల్లో వారంలోగా జామీను తేలేనివాణ్ని పేదగా భావించి, సొంత పూచీకత్తుపై వదలాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 478వ సెక్షన్ చెబుతోంది. ఇంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు, మిగతావారు సగం కాలం లోపలే గడిపితే విడుదలకు అర్హులని 479 అంటోంది. ఆ సంగతి కోర్టుకు రాసి పంపాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదే. ఉరి, యావజ్జీవ శిక్ష పడే నేరాలకు ఇది వర్తించదు.

బెయిలొచ్చి నెలైనా పూచీకత్తు ఇవ్వలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టే చూడొచ్చని, స్థానిక జామీనే కావాలని పట్టుబట్టవద్దని సుప్రీంకోర్టు 2023 జనవరి 31న చెప్పింది. పేద ఖైదీల జామీను కోసం డబ్బు ఇచ్చే పథకాన్ని కేంద్రం అదే ఏడాది తెచ్చింది; అప్పటి పరిమితి 40 వేల రూపాయలు.

ఇన్ని ఉన్నా కవరు పట్టుకున్న ఆ తల్లికి వీటిలో ఒక్కటీ తెలియదు. చెప్పాల్సినవాళ్లు చెప్పరు.

"వదిలేస్తే పారిపోడా?"

పది వేలు పోతే పోయాయనుకుని పారిపోగలిగినవాడు డబ్బున్నవాడు. కూలివాడు ఎక్కడికి పోతాడు? ఆలుబిడ్డలు, ఊరు, రేపటి కూలి, ఇవే అతని కట్టుతాళ్లు.

పట్టుకున్న ప్రతివాడూ దోషి కాడు. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007లో జరిగిన విద్యార్థిని హత్య కేసు మనకు తెలుసు. కింది కోర్టు శిక్ష వేసిన యువకుణ్ని 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషిగా వదిలింది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లోనే గడిచాయి. పూర్తి విచారణ తర్వాత కూడా పొరపాటుకు తావుంటే, విచారణే మొదలవ్వనివాడి సంగతేమిటి?

మా డిమాండ్లు

1. ఆస్తి లేనివారిని సొంత పూచీకత్తుపై వదలాలి. ఆస్తి కాగితాలకు బదులు కుటుంబం, పని, నివాసం విచారించాలి.

2. తొలి రిమాండు రోజే నిందితుడి పక్కన వకీలు ఉండాలి. పోలీసుల నడుమ నిలబడ్డవాణ్ని "ఏమైనా చెప్పుకుంటావా?" అని అడిగి, తల ఊపితే రాసుకోవడం న్యాయం అనిపించుకోదు.

3. బెయిలొచ్చీ విడుదల కానివారి సంఖ్యను, 479 కింద అర్హుల సంఖ్యను ప్రతి జైలూ నెలనెలా ప్రకటించాలి.

4. పేద ఖైదీల పథకం కింద జిల్లాలో ఎందరికి జామీను కట్టారో కలెక్టరు చెప్పాలి.

5. అన్యాయంగా జైల్లో గడిపినవారికి పరిహారం హక్కు కావాలి. 2018లో లా కమిషన్ ఇచ్చిన 277వ నివేదికను దుమ్ము దులిపి చట్టం చేయాలి.

మీరు చేయగలిగింది

కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టం చెబుతోంది. కోర్టులోని న్యాయసేవాధికార సంస్థ కార్యాలయంలో అడగండి. 15100కు ఫోను చేయండి, డబ్బులు పడవు. న్యాయవాదులారా, బెయిలు ఉత్తర్వు రావడంతో మీ పని అయిపోలేదు. క్లయింటు జైలు గేటు దాటేదాకా వదలకండి.

ఈ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకోవద్దు. ములాఖత్ వరుసలో నిలబడ్డ ఒక తల్లి చేతిలో పెట్టండి. చదువు రాదంటే, పక్కన కూర్చుని చదివి వినిపించండి.