ఆడవాళ్ల గురక ఎవరు వింటారు?

అనంతపురం జిల్లా పల్లెల్లో ఆడవాళ్ల ఆరోగ్యం గురించి ఎవరిని కదిలించినా మొదట వినిపించే మాట "సత్తువ లేదక్కా" అన్నదే. ఆ మాట వినగానే ఆరోగ్య కేంద్రంలో రక్తహీనత అని రాసి ఐరన్ మాత్రలు చేతిలో పెడతారు. అది తప్పు కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అయితే మాత్రలు మింగినా సత్తువ రానివాళ్లున్నారు. వాళ్ల సంగతి ఎవరూ రెండోసారి అడగరు. పొలం పని, ఇంటి పని, నీళ్ల పని చేసే ఆడమనిషి అలసిపోవడం సహజమేగా అన్న ధోరణి డాక్టర్లలోనూ ఉంది, మొగుళ్లలోనూ ఉంది, చివరికి ఆ ఆడవాళ్లలోనే ఉంది.

కళ్యాణదుర్గం వైపు ఒక ఊళ్లో నలభై దాటిన ఒకామె నాతో ఇలా అంది: "పండుకుంటే ఎవరో గొంతు పట్టుకున్నట్లయితాదక్కా. దిగ్గున లేసి కూచుంటా. తెల్లారితే తలకాయంతా దిమ్ముగా ఉంటాది." ఆమె బీపీకి మాత్ర వేసుకుంటోంది. నిద్ర పట్టడం లేదంటే నిద్రమాత్ర కూడా రాసిచ్చారు. గురక పెడతావా అని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగినా ఆమె ఏం చెబుతుంది? తన గురక తనకెలా వినపడుతుంది? భర్త బెంగళూరులో బిల్డింగు పనిలో ఉన్నాడు, పండక్కో పబ్బానికో వస్తాడు.

ఆమెకున్నది స్లీప్ ఆప్నియానే అని నేను తేల్చలేను. పరీక్ష చేస్తే గాని తెలియదు. నిద్రలో గొంతు కండరాలు సడలి గాలి దారి మూసుకుపోతుంది. పది సెకన్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువసేపు ఊపిరి ఆగుతుంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోగానే మెదడు ఉలిక్కిపడి మనిషిని లేపుతుంది. గంటకు ఐదుసార్లు దాటితే జబ్బు కింద లెక్క, ముప్ఫై దాటితే తీవ్రమైనది. రాత్రంతా పడుకున్నా నిద్రపోయినట్లుండదు. బీపీ, గుండె జబ్బులు, పక్షవాతం దీని వెనకాలే వస్తాయి. ఇలాంటివాళ్లకు కొన్నిరకాల నిద్రమాత్రలిస్తే గొంతు ఇంకా సడలి పరిస్థితి విషమించవచ్చు. ఈ ఒక్క కారణం చాలు, నిద్రమాత్ర రాసే ముందు గురక గురించి అడగడానికి.

చాలాకాలం వైద్యశాస్త్రం దీన్ని లావుపాటి మధ్యవయసు మగవాడి జబ్బుగా చూసింది. ఆసుపత్రుల లెక్కల్లో ఒక స్త్రీకి ఎనిమిది, పది మంది పురుషులు ఉండేవారు. 1993లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఆసుపత్రికి వచ్చినవాళ్లను కాకుండా మామూలు ఉద్యోగులను పరీక్షిస్తే పురుషుల్లో 24 శాతానికి, స్త్రీలలో 9 శాతానికి నిద్రలో ఊపిరి ఆగుతోందని తేలింది. అంటే పదికి ఒకరు కాదు, ఇద్దరు ముగ్గురు మగవాళ్లకు ఒక స్త్రీ. మిగతా ఆడవాళ్లు ఆసుపత్రి గడప దాకా రానేలేదన్నమాట. అదే పరిశోధన నుంచి 1997లో వచ్చిన మరో లెక్క ప్రకారం, జబ్బు ఒక మోస్తరు నుంచి తీవ్రంగా ఉన్న స్త్రీలలో 93 శాతం మందికి అది ఉన్నట్లు ఏ డాక్టరూ చెప్పలేదు. మన దేశంలో ఈ విషయమై తరచు ఉదహరించే ముంబయి అధ్యయనం 2004లో వచ్చింది. విలువైన అధ్యయనమే, కానీ అందులో ఉన్నవాళ్లందరూ 35-65 ఏళ్ల పట్టణ పురుషులు.

ఇక జబ్బును అనుమానించడానికి వాడే ప్రశ్నపత్రాలు చూడండి. 1991లో ఆస్ట్రేలియాలో తయారైన ఎప్‌వర్త్ స్కేలును ప్రపంచమంతా వాడుతున్నారు. అందులో ఎనిమిది ప్రశ్నలు. కూర్చుని చదువుకుంటున్నప్పుడు కునుకు వస్తుందా? టీవీ చూస్తున్నప్పుడు? గంటసేపు కారులో ప్రయాణిస్తున్నప్పుడు? కారు ట్రాఫిక్‌లో ఆగినప్పుడు? మద్యం ముట్టకుండా మధ్యాహ్న భోజనం చేసి ఊరికే కూర్చున్నప్పుడు? శెనక్కాయ పీకే కూలి మనిషి ఎప్పుడు ఊరికే కూర్చుంటుంది? 2019 జాతీయ సర్వేలో ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది, పురుషులు 97 నిమిషాలు. కూర్చోవడానికే తీరికలేని మనిషికి ఆ స్కేలు మీద సున్నా వస్తుంది. సున్నా వచ్చింది గనక జబ్బు లేదు! 2008లో టొరంటో నుంచి వచ్చిన స్టాప్-బ్యాంగ్ అనే ఇంకో ప్రశ్నపత్రంలో మగవాడైతే చాలు, ఒక మార్కు వేస్తారు. గురకకు ఒకటి, ఊపిరి ఆగడం ఎవరైనా చూస్తే ఒకటి. పక్కన పడుకునే మనిషి లేని స్త్రీకి ఈ మార్కులు ఎక్కడి నుంచి వస్తాయి? వలసల జిల్లాలో ఇది చిన్న ప్రశ్న కాదు. వితంతువులు, వదిలివేయబడిన స్త్రీలు, ఒంటరి స్త్రీలు ఈ లెక్కల్లోకి రారు. భర్త పక్కనే ఉన్నా, అందరికంటే ఆఖరున పడుకుని అందరికంటే ముందు లేచే మనిషి గురక ఎవరి చెవిన పడుతుంది? మగవాడి గురక ఇంట్లో నవ్వులాట, ఆడదాని గురక దాచిపెట్టుకోవలసిన విషయం.

ఈ వడపోతలన్నీ దాటి స్లీప్ స్టడీ దాకా వెళ్లేవాళ్లు తక్కువ. ధర్మవరానికి చెందిన ఒకామె బెంగళూరు వెళ్లి చేయించుకుంది. తలకు నూనె పెట్టుకోకుండా రమ్మన్నారు. నెత్తి మీద, గడ్డం కింద, కాళ్లకు తీగలు అంటించారు, ఛాతీకి పొట్టకు పట్టీలు కట్టారు. అంటించినతను కుర్రవాడు. గదిలో కెమెరా ఉంటుందని పడుకోబోయే ముందు చెప్పారు. కూతుర్ని బయట వరండాలో ఉండమన్నారు. "పరాయి మగపిల్లోడు రాత్రంతా నేను పండుకున్నేది చూస్తాంటే నిద్రెట్లొస్తాదమ్మా?" అని ఆమె నన్నడిగింది. ఇది సిగ్గుకు మాత్రమే సంబంధించిన విషయం కాదు, పరీక్షకు కూడా సంబంధించినది. చాలామంది స్త్రీలలో ఊపిరి ఆగడం కలల నిద్రలో ఎక్కువగా ఉంటుంది. ఆ నిద్ర ఎక్కువగా తెల్లవారుజామున వస్తుంది. భయంతో కళ్లు మూయని మనిషికి ఆ నిద్రే పట్టకపోతే జబ్బు స్వల్పమని రిపోర్టు వస్తుంది. రాత్రి విధుల్లో ఒక స్త్రీ టెక్నీషియన్, కెమెరా గురించి ముందే చెప్పి అడిగే అనుమతి, తోడు ఉండే హక్కు ఇవ్వడానికి కొత్త యంత్రాలేమీ అక్కర్లేదు.

జబ్బు ఉందని తేలినవాళ్లందరికీ మిషనే అవసరం లేదు. స్వల్పంగా ఉంటే బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం కొందరికి సరిపోతుంది, థైరాయిడ్ కూడా చూడాలి. తీవ్రంగా ఉన్నవాళ్లకు మాత్రం 1981లో సిడ్నీలో కాలిన్ సలివన్ కనిపెట్టిన సీపాప్ పద్ధతే ఇప్పటికీ ప్రధాన చికిత్స. ముక్కుకు మాస్కు తగిలించి గాలి ఒత్తిడితో గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. ధర పదుల వేలల్లో ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికైతే కొంత మేరకు డబ్బు తిరిగొస్తుంది. కూలి మనిషికి ఎవరిస్తారు? 2007లో మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న ఆరోగ్యశ్రీ పథకాన్ని ఆపరేషన్ల చుట్టూ, ఆసుపత్రిలో చేరే జబ్బుల చుట్టూ అల్లారు. ప్రతి రాత్రీ ఇంట్లో చేసుకోవలసిన చికిత్స ఆ అల్లికలో ఇమడదు.

డబ్బు దొరికినా ఈ నేల సంగతి వేరే. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే చోట గాలి పొడిగా ఉంటుంది, దుమ్ముగా ఉంటుంది. ఫిల్టరు మాటిమాటికీ కడగాలి. ముక్కు, గొంతు ఎండిపోకుండా మిషన్‌లో డిస్టిల్డ్ వాటర్ పోయాలి. "తాగేదానికే నీళ్లు కొనుక్కుంటాండాము, మిషన్‌కు ఇంకో రకం నీళ్లా?" అంది ధర్మవరం ఆమె. ఎండాకాలం ఊరంతా మిద్దెల మీద పడుకుంటుంది. ఆమె మాత్రం ప్లగ్గు ఉన్న గదిలో ఒంటరిగా ఉడకాలి. కరెంటు పోతే అదీ లేదు. ఆమె మిషన్‌ను బీరువా పైన గుడ్డ కప్పి పెట్టింది. డాక్టరు దీన్ని రోగి నిర్లక్ష్యం అంటాడు.

స్త్రీల శరీరాలను మందుల కంపెనీలకు అప్పగించవద్దని పోరాడిన మనం ఇంకో మిషన్‌ను అడగాలా అని కొందరు మిత్రులు అంటున్నారు. సబబైన సందేహమే. నెట్-ఎన్ ఇంజెక్షన్ మీద 1986లో స్త్రీ శక్తి సంఘటన తదితరులు సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు, స్త్రీలకు చెప్పకుండా ఒక మందును వాళ్ల ఒంట్లోకి ఎక్కించడం మీద పోరాడారు. ఇక్కడ స్త్రీలు చెబుతున్నా వినకుండా ఒక జబ్బును లేదనడం జరుగుతోంది. రెండు చోట్లా ఆమె మాటకు విలువ లేకపోవడమే ఉంది. మిషన్లను కళ్లు మూసుకుని నమ్మమని నేనూ అనను. 2021లో ఫిలిప్స్ కంపెనీ, లోపలి ఫోమ్ పొడిపొడిగా రాలి ఊపిరిలోకి పోయే ప్రమాదం ఉందని లక్షలాది మిషన్లను వెనక్కి పిలవవలసి వచ్చింది. నిద్ర మౌలికమైన మానవ హక్కు అని రామ్‌లీలా మైదాన్ కేసులో 2012లో సుప్రీంకోర్టు అన్నది. అర్ధరాత్రి పోలీసులు లేపినప్పుడే కాదు, ఊపిరాడక లేచినప్పుడు కూడా ఆ హక్కు వర్తించాలి గదా.

జిల్లా ఆసుపత్రి స్థాయిలో, ఇంట్లోనే పెట్టుకుని పడుకోగలిగే చిన్న పరీక్షా పరికరాలు, తీవ్రమైన జబ్బున్నవాళ్లకు పథకం కింద మిషన్, బీపీ మాత్రలిచ్చే ఉప కేంద్రంలోనే నిద్ర గురించి రెండు ప్రశ్నలు. ఇవి అడగదగినవే. ఈలోగా మన చేతిలో ఒకటుంది. సంఘాల శిక్షణ శిబిరాల్లో నలభై యాభై మంది ఆడవాళ్లు ఒకే హాల్లో చాపలు పరుచుకుని పడుకుంటారు. ఎవరు గురక పెట్టారో తెల్లారి టీ దగ్గర చెప్పుకుని నవ్వుకుంటారు. ఈసారి ఆ నవ్వయ్యాక, మధ్యలో ఊపిరి ఆగిందా, ఎంతసేపు ఆగింది, ఉలిక్కిపడి లేచిందా అని పక్క చాప ఆమెను అడిగి, ఆ మాట రాసి డాక్టరు చీటీతో పాటు పంపించండి.