ఖాళీ గదుల్లో మిర్చి

సంక్రాంతి వెళ్ళిన వారానికి గుంటూరు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో మూడో గది తలుపు తీసి లైటు వేశాం. కొత్త కాపు ఇంకా రాలేదు. ర్యాకులన్నీ ఖాళీ. పాత ఘాటు మాత్రం అక్కడే ఉంది, ఇద్దరం తుమ్మాం. నా పక్కనున్న కుర్రాడి చేతిలో ట్యాబ్. కొత్త సర్వరు చెప్పే లెక్క ప్రకారం ఆ గదిలో పైకప్పు దాకా పేర్చినా పట్టనన్ని టిక్కీలు, అంటే మిర్చి బస్తాలున్నాయి. వాటికి రైతుల పేర్లున్నాయి, ఊళ్ళున్నాయి, బాండు నంబర్లున్నాయి. సరుకు ఒక్కటే లేదు.

అంతకు ముందు ఆ లెక్కలు చూసిన పాత ప్రోగ్రాం నేను రాసిందే. 1996లో, ఫాక్స్‌ప్రో 2.6లో, డాస్ మీద. అప్పట్లో గుంటూరులో గుమాస్తా లెక్క తెలిసిన ప్రతి యజమానికీ ఒక ఫాక్స్‌ప్రో కుర్రాడు దొరికేవాడు. నేను ఆ కుర్రాళ్ళలో ఒకణ్ణి. దాన్ని ఇప్పుడు విండోస్ సర్వరుకీ ఎస్‌క్యూఎల్ సర్వరుకీ మారుస్తున్నారు, రాసినవాడు ఇంకా బతికే ఉన్నాడని తెలిసి పిలిచారు.

గదిలో లేని మిర్చి ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు నిమిషంలో తెలిసిపోయింది. చెప్పడానికే కాస్త సిగ్గు వేసింది. పాత ఆవర్జాలో గుమాస్తా ఒక పద్దు కొట్టేస్తే గీత పడుతుంది గానీ కింద అక్షరాలు కనపడుతూనే ఉంటాయి. ఫాక్స్‌ప్రో ఫైలూ అంతే. రికార్డు తీసేయమంటే తీసేయదు, దాని ముందు ఒక చుక్క గుర్తు పెట్టి చూడనట్టు ఊరుకుంటుంది. నిజంగా తుడిచెయ్యాలంటే ప్యాక్ అనే ఆజ్ఞ ఇవ్వాలి. అది ఇవ్వాలంటే మిగతా కంప్యూటర్ల మీద ఉన్నవాళ్ళంతా బయటికి రావాలి. సీజనులో ఎవరొస్తారు? నేనూ ఆ ఆజ్ఞ రాయకుండా వదిలేశాను. సరుకు బయటికి వెళ్ళిపోయిన ప్రతి టిక్కీ ఆ ఫైల్లో చుక్క పెట్టించుకుని ఏళ్ళ తరబడి పడి ఉంది. కుర్రాడు రాసిన కొత్త ప్రోగ్రాం ఫైలు మొత్తం చక్కగా చదివింది. చుక్క సంగతి దానికెవరూ చెప్పలేదు.

ఇంతకీ మార్చడం దేనికి, నడిచే బండిని ఎందుకు కదపాలి అని యజమాని మొదట్లో అడిగాడట. అడగవలసిన ప్రశ్నే. ఫాక్స్‌ప్రోని 1992లో మైక్రోసాఫ్ట్ కొన్నది. విజువల్ ఫాక్స్‌ప్రో 9 తర్వాత ఇంకో కూర్పు రాదని 2007లో చెప్పేసింది. 2015 జనవరితో ఆ తొమ్మిదికి ఇచ్చే మద్దతు కూడా ఆగిపోయింది. మా డాస్ ప్రోగ్రామయితే అంతకు ముందే ఒకసారి చచ్చి బతికింది. పెంటియం వేగం పెరిగేసరికి తెరవగానే సున్నాతో భాగించానని చెప్పి పడిపోయేది. లోపల కంప్యూటరు వేగాన్ని కొలిచే చిన్న లెక్క ఉంది, యంత్రం మరీ చురుగ్గా ఉంటే ఆ లెక్కలో భాగహారం తప్పేది. ముసలిది కాబట్టి కాదు, కొత్తది మరీ పరుగెత్తుతోంది కాబట్టి ఆగిపోయిన యంత్రాన్ని నేనింకెక్కడా చూడలేదు. తర్వాత 64 బిట్ల విండోస్ వచ్చింది, పాత 16 బిట్ల ప్రోగ్రాములను అది అసలు గడప తొక్కనివ్వదు. అప్పటినుంచి ఈ కోల్డ్ స్టోరేజీ లెక్కలు పాత ఆటలు ఆడుకోవడం కోసం పుట్టిన డాస్‌బాక్స్‌లో నడుస్తున్నాయి. కోట్ల రూపాయల సరుకు, దాని మీద బ్యాంకు అప్పులు, అన్నీ ఆటబొమ్మ మీద.

మద్దతు లేకపోతే సవరణలు రావు. సవరణలు పడని యంత్రానికి ఏమవుతుందో 2017 మేలో మనవాళ్ళకి తెలిసింది. వానాక్రై అనే వైరస్ ఫైళ్ళన్నిటికీ తాళం వేసి డబ్బడిగినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసుల కంప్యూటర్లు కూడా దానికి దొరికాయి. అందుచేత మార్చాలి. ఆ విషయంలో నాకు పేచీ లేదు. నా పేచీ అంతా మార్పుకి పెట్టే డబ్బు ఎక్కడ పెడుతున్నారన్న దాని మీద. సర్వరుకి పెడతారు, లైసెన్సుకి పెడతారు, ఏసీకి పెడతారు. పాతదీ కొత్తదీ పక్కపక్కన నడిపే రెండు నెలలకు వచ్చేసరికి ‘ఇంకా ఎన్నాళ్ళు సార్’ అంటారు.

ఇది చిన్న ఊళ్ళ జబ్బు అనుకుంటే పొరపాటు. బ్రిటన్‌లో టీఎస్‌బీ అనే బ్యాంకు లాయిడ్స్ నుంచి విడిపోయాక కూడా లాయిడ్స్ కంప్యూటర్ల మీదే నడిచేది. 2015లో స్పెయిన్‌కి చెందిన సబాదెల్ దాన్ని కొన్నది, తన వ్యవస్థలోకి మార్చుకోవాలనుకుంది. 2018 ఏప్రిల్ 20 నుంచి 22 దాకా ఒక్క వారాంతంలో 52 లక్షల మంది ఖాతాదారుల వివరాలు తరలించారు. సోమవారం నాటికి జనం తమ ఖాతాల్లోకి వెళ్ళలేకపోయారు, కొందరికి వేరేవాళ్ళ ఖాతాలు కనపడ్డాయి. సెప్టెంబరులో ముఖ్య కార్యనిర్వహణాధికారి పాల్ పెస్టర్ దిగిపోయాడు. అంతా మామూలుకి రావడానికి డిసెంబరయింది. 2022లో నియంత్రణ సంస్థలు బ్యాంకుకి 4 కోట్ల 86 లక్షల 50 వేల పౌండ్ల జరిమానా వేశాయి. మరుసటి ఏడు, కంప్యూటర్ల బాధ్యత చూసిన కార్లోస్ అబార్కాకి విడిగా 81,620 పౌండ్లు వేశారు, అది ఆయన సొంత జేబు నుంచి.

ఈ కథలో నన్ను పట్టుకున్న ముక్క జరిమానా కాదు. డేటా సురక్షితంగానే చేరింది అని నియంత్రణ సంస్థే రాసింది. ఒక్క పద్దు పోలేదు. పోయింది పద్దుల చుట్టూ ఉండే నడత. రెండు డేటా సెంటర్లు పెట్టుకుని, బరువు మోసే పరీక్ష ఒక్కదానిలోనే చేశారని తర్వాత విచారణలో తేలింది. మూడో గది విషయంలో మా కుర్రాడు చేసిందీ అదే, పద్దులు చేర్చి నడత వదిలేశాడు, కాకపోతే చవగ్గా.

చుక్క సంగతి సరిచేశాక రెండో తప్పు బయటపడింది. ఇది నవ్వులాట కాదు.

రైతు టిక్కీలు దింపుతాడు, దానికి రసీదుగా బాండు తీసుకుంటాడు, బాండు బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చుకుంటాడు. అప్పు తీరేదాకా సరుకు కదలకూడదు. నా పాత ప్రోగ్రాంలో బ్యాంకు విడుదల తేదీ అని ఒక గడి పెట్టాను. బ్యాంకు చీటీ వస్తే గుమాస్తా తేదీ వేస్తాడు. గడి ఖాళీగా ఉంటే అప్పు ఉన్నట్టు, గేట్‌పాస్ రాదు. ఫాక్స్‌ప్రోలో ఖాళీ తేదీ అంటే ఖాళీ తేదీయే, దానికి పేచీ లేదు. ఎస్‌క్యూఎల్ సర్వరు అలా ఊరుకోదు. తేదీ గడిలోకి ఖాళీ అక్షరాలు పంపితే అది తనంతట తాను 1900 జనవరి 1 అని వేసుకుంటుంది. పాత వివరాలన్నీ టెక్స్ట్ ఫైలుగా తీసి అందులో పోశారు. పోసిన క్షణంలో ఆ కోల్డ్ స్టోరేజీలో ఉన్న ప్రతి అప్పూ రైతుల తాతలు పుట్టకముందే తీరిపోయింది.

దీన్ని పట్టుకున్నది నేనూ కాదు, కుర్రాడూ కాదు. అక్కడి గుమాస్తా. నేను ప్రోగ్రాం రాసేటప్పుడు కూడా ఆయనే గుమాస్తా, అప్పటినుంచీ బాబాయ్ అని పిలుస్తాను. పక్కపక్కన నడపడం మొదలుపెట్టిన నాలుగో రోజు ఫోను చేశాడు. ‘ఏమయ్యా, ఈ బాండు మీద బ్యాంకు అప్పుందే. నీ కొత్తదేంది, గేట్‌పాస్ కొట్టిచ్చింది?’ కొత్తది నాది కాదు బాబాయ్ అన్నాను. ‘పాతది నీదేగా, అది ఇవ్వనంది. ఇద్దరూ మాట్లాడుకోండి’ అని పెట్టేశాడు.

ఆ ఫోను రాకుండా పాతదాన్ని ముందే ఆపేసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. యజమాని అసలు ఆలోచన అదే, సీజను మొదలయ్యేలోగా పాతది ఆపెయ్యాలని. సరుకు రాని రోజుల్లో పక్కపక్కన నడపడం, ఎండాకాలంలో గొడుగు బాగుందో లేదో చూసుకోవడం లాంటిదని నేను మొండికేశాను. ఫిబ్రవరి, మార్చి నెలల్లో లారీలు గేటు బయట వరస కడితే, కాటా దగ్గర కేకలు మొదలైతే, ఒకే రైతు రెండు పేర్లతో దింపితే అప్పుడు తెలుస్తుంది. ఆయన ఒప్పుకున్నాడు గానీ సంతోషంగా కాదు. రెండు చోట్లా ఎంట్రీ కొట్టడానికి ఇంకో మనిషి జీతం.

మిగతావి చిన్నవి. హమాలీ లెక్కలో కొన్ని చీటీల మీద ఒక్క రూపాయి తేడా వచ్చేది, కొన్నిటి మీద వచ్చేది కాదు. 12 రూపాయల 50 పైసల్ని ఫాక్స్‌ప్రో 13 చేస్తుంది. కొత్త ప్రోగ్రాం రాసిన డాట్‌నెట్ మనం చెప్పకపోతే సరిసంఖ్య వైపు మొగ్గి 12 చేస్తుంది, 13 రూపాయల 50 పైసలకు మాత్రం రెండూ 14 అంటాయి. హమాలీ ముఠామేస్త్రికి ఈ సిద్ధాంతం చెప్పడానికి వెళ్ళకండి.

తెలుగు సంగతి కాస్త విడిగా చెప్పాలి. డాస్‌లో తెలుగు రావాలంటే అప్పట్లో సీడాక్ వాళ్ళ జిస్ట్ కార్డు కొని కంప్యూటర్లో బిగించేవాళ్ళం. దానిలో అక్షరాలు ఇస్కీ పద్ధతిలో ఉండేవి, భారతీయ లిపుల్లో చాలావాటికి ఒకే వరస. యూనికోడ్ మన అక్షరాల వరసను దాని మీదే కట్టింది కాబట్టి మార్చడం తేలిక. రైతుల పేర్లన్నీ ఒక్క పూటలో యూనికోడ్ అయ్యాయి. కొత్త డేటాబేసులో చూస్తే పేరున్న ప్రతిచోటా ప్రశ్నార్థకాలు. ఆ గడిని ఎన్‌వర్‌చార్ అనవలసిన చోట వర్‌చార్ అన్నారు. ఒక్క ఎన్ అక్షరం లేక పల్నాడు రైతులంతా ప్రశ్నలైపోయారు. మావాళ్ళు అదృష్టవంతులు, మూలం చేతిలో ఉంది కాబట్టి మళ్ళీ పోశాం. జిస్ట్ కాకుండా అచ్చు ఫాంట్లలో తెలుగు దాచుకున్న ఆఫీసుల గతి ఇంకోరకం. వాటిలో తలకట్టు ఒక అంకె, ఒత్తు ఒక అంకె, ఫాంటు పోతే మిగిలేది ఇంగ్లిషు అక్షరాల కలగూరగంప. ఏ ఫాంటో తెలిసిన మనిషి రిటైరైతే ఇక దేవుడే చదవాలి.

కుర్రాణ్ణి తప్పుపట్టను. చురుకైనవాడు, హైదరాబాదులో ఆరు నెలల కోర్సు చేసి వచ్చాడు, నాకు రాని సంగతులు చాలా వచ్చు. అతనికి ఇచ్చిన కాగితంలో ఏ గడిలో ఏముంటుందో ఉంది. ఏ గడి ఖాళీగా ఉంటే దానర్థమేమిటో లేదు. ఉండదు కూడా, ఎందుకంటే 1996లో నేను ఏ కాగితమూ రాయలేదు. బాబాయ్ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని ఆయన చెప్పింది చెప్పినట్టు కోడు కొట్టాను. కుర్రాడికి ఆ స్టూలు ఎవరూ వెయ్యలేదు. మార్పు పనికి కుదిరిన ఒప్పందంలో గుమాస్తా పేరే లేదు. సమావేశాలు యజమాని గదిలో జరిగాయి, బాబాయ్ గేటు దగ్గర టిక్కీలు లెక్కపెట్టుకుంటూ ఉన్నాడు. గేట్‌పాస్ గొడవ తర్వాత స్టూలు వేశారు. మార్చి అంతా కుర్రాడు అక్కడే కూర్చున్నాడు, ఘాటుకి కళ్ళెర్రబడి.

ఏప్రిల్ రెండో వారానికి మూడు లెక్కలు కలిశాయి. డాస్‌బాక్స్‌లోదీ, కొత్త సర్వరుదీ, బాబాయ్ ఎవరికీ చూపించకుండా రాసుకునే చేతి పుస్తకంలోదీ. అయినా యజమాని పట్టుబట్టి గదులన్నీ తిరిగి సరుకు లెక్కపెట్టించాడు. నాలుగో గదిలో రెండు టిక్కీలు ఎక్కువ వచ్చాయి. మూడు లెక్కల్లోనూ లేనివి. కుర్రాడు ముఖం వాల్చి ట్యాబ్ తీశాడు. నేను పాత ఫైల్లో చుక్క గుర్తులు వెతకడం మొదలుపెట్టాను.

బాబాయ్ ఇద్దరి వంకా చూసి, ‘అవి ఓనరుగారి ఇంటి పచ్చళ్ళవయ్యా’ అన్నాడు. ‘ఏటా ఉంటాయి. వాటికి బాండెవరు రాస్తారు?’